గాలిని లెక్కించిన శాంతికాముకుడు: లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

పాఠకులకు మొదటనే ఒక సంజాయిషీ చెప్పుకోవలసి ఉన్నది. తెలుగు శాఖలో పద్యపాఠాలు చెప్పుకొనే మాకు ఒక వాతావరణ శాస్త్రజ్ఞుని చరిత్రతో పనియేమని సహాధ్యాపకులు కొందరు నవ్వుతూ అడిగినారు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచివేసింది. చనిపోయినవారు దాదాపు 10,000 మంది అని అధికారిక లెక్కలే చెప్పినవి. అది మేము పుట్టకముందటి సంగతి. ఐనా కోస్తా ప్రాంతపు పెద్దలు తమ జీవితాన్ని ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తరువాత అని రెండుగా విభజించి చెప్పుకోవడం మేము విన్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఉర్దూ చదివిన మా విద్యార్థులకు హుద్‌హుద్ అన్నది ఒక పిట్ట పేరని వేరే చెప్పనక్కరలేదు. ఆ తుపాను చేసిన నష్టం సామాన్యమైనది కాదు. కాని అది ఏ తావున తీరం దాటనున్నదో రోజుల ముందే తెలిసినందున, పెద్ద సంఖ్యలో ప్రజలను తీరం నుండి తరలించగలిగినారు. ఈ రెండు తేదీల నడుమ ఏమి మారిందని వెదకుతూ పోగా, ఆ రెండింటినీ చూడకుండానే 1953లో కన్నుమూసిన ఒక ఆంగ్లేయుని వద్దకు చేరుకున్నాం.

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాజిల్ నగరంలో జన్మించినాడు. తండ్రి డేవిడ్ రిచర్డ్‌సన్ తోళ్ళు పదునుచేసే వ్యాపారం చేసేవాడు. ఏడుగురు సంతానంలో లూయిస్ కడగొట్టువాడు. ఆ కుటుంబం క్వేకరు మతశాఖకు చెందినది. ఏ కారణం చేతనైనా సరే, మనిషి మనిషిపై ఆయుధమెత్తరాదన్నది క్వేకర్ల నియమం. చాలామందికి పుట్టుకతో వచ్చిన నియమం మాటవరసకే మిగిలిపోతుంది. ఈయన విషయంలో అట్లు కాలేదు. ఆయన ఉద్యోగం, పేరుప్రతిష్ఠలు, ఇష్టమైన పరిశోధన ఆ ఒక్క నియమం చేత ఎన్నిసార్లు మలుపు తిరిగినవో ముందు చూడగలం.

యార్కులోని బూథం పాఠశాలలో, ఆపైన కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చదివి 1903లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. తరువాతి పదేండ్లలో ఆయన చేయని ఉద్యోగం లేదనవచ్చు. జాతీయ భౌతిక ప్రయోగశాల, ఒక కళాశాల, పీట్ అనే బురదబొగ్గును తీసే సంస్థ, విద్యుద్దీపాల కర్మాగారం, ఇట్లు ఎక్కడా నిలకడ లేదు. 1909లో డొరొతీ గార్నెట్‌ను వివాహమాడినాడు. వారికి సంతానం కలుగలేదు. ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను పెంచుకున్నారు.

ఈ తిరుగుళ్ళు వృథా కాలేదు. బురదనేలలో నీరు ఏ దారిన పారునో తేల్చవలసి వచ్చినప్పుడు, ఉన్న సమీకరణాలను కలనగణితపు సూత్రాలతో సాధించడం అసాధ్యమైంది. అప్పుడు ఆయన ఒక మొరటు మార్గం పట్టినాడు. చక్రవడ్డీ సూత్రం తెలియని షావుకారు ఏమి చేస్తాడు? మొదటి సంవత్సరపు వడ్డీ కట్టి అసలులో కలిపి, దానిపై రెండవ సంవత్సరపు వడ్డీ కట్టి, ఇట్లు మెట్టుమెట్టుగా పదేండ్లకు చేరుకుంటాడు. రిచర్డ్‌సన్ చేసినది కూడ సరిగా అదే. స్థలాన్ని గళ్ళుగా, కాలాన్ని ముక్కలుగా కోసి, ఒక్కొక్క గడికి కూడికలు, తీసివేతలతో సమాధానం రాబట్టినాడు. 1910లో ప్రచురించిన వ్యాసంలో రాతి ఆనకట్టపై పడే ఒత్తిడులను ఈ పద్ధతిలోనే లెక్కించి చూపినాడు. లెక్కలు చేసిపెట్టే కుర్రవాళ్ళకు అంకెలను బట్టి కూలి కట్టి ఇచ్చేవాడు.

1912 ఏప్రిలులో టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగిపోయింది. ఆ వార్త విన్న రిచర్డ్‌సన్ ఒక ఈల, ఒక గొడుగు తీసుకొని సముద్రతీరానికి వెళ్ళినాడు. ఈల ఊదడం, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని గొడుగు బోలులో పట్టి వినడం, ఇదీ ప్రయోగం. ఓడ మునిగిన వారం తిరగకుండానే ప్రతిధ్వనితో మంచుకొండలను పసిగట్టే పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టినాడు. నెల తిరిగేలోపు నీటిలో ధ్వని పంపే పద్ధతికి మరొకటి పెట్టినాడు. దానిని ఆయన ముందుకు కొనసాగించలేదు. ఐనా కంటికి కనరాని దానిని తరంగాల ద్వారా దూరం నుండి తెలుసుకోవాలనే ఆలోచన ఆయన బుర్రలో అప్పటికే ఉన్నదని గుర్తుంచుకుందాం.

1913లో బ్రిటిష్ వాతావరణ శాఖవారు ఆయనను స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ పరిశోధనాలయానికి అధికారిగా పంపినారు. అది ఎడతెగని వానలకు నెలవైన, జనసంచారం లేని కొండప్రదేశం. వాతావరణ శాస్త్రంలో ఆయనకు అంతకుముందు అనుభవం స్వల్పం. అదే మేలైందని మా అభిప్రాయం. ఆ కాలపు నిపుణులు నేటి పటాన్ని పాత పటాలతో పోల్చి, అప్పుడు ఇట్లున్నప్పుడు మరునాడు వాన కురిసింది కాబట్టి ఇప్పుడూ కురియునని చెప్పేవారు. మన రైతులు కార్తెలను బట్టి చెప్పడం దీనికన్నా మరీ తీసికట్టు కాదు. నార్వే దేశస్థుడైన విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ మాత్రం 1904లోనే ఒక మాట తేల్చి చెప్పినాడు. ఈ క్షణాన వాతావరణ స్థితి ఏమిటి, అది ఏ నియమాలను బట్టి మారుతుంది, ఈ రెండూ సరిగా తెలిస్తే రేపటి వాతావరణం లెక్కకు లొంగుతుందని ఆయన సిద్ధాంతం. నియమాలు తెలుసు. వాటిని సాధించే దారి ఎవరికీ తెలియదు. రిచర్డ్‌సన్ చేతిలో ఆ దారి సిద్ధంగా ఉన్నది. ఎస్క్‌డేల్‌మ్యూర్‌లోనే ఆయన తన గ్రంథం తొలి ప్రతిని వ్రాసినాడు.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన తుపాకి పట్టనన్నాడు. అట్లని కొండమీద సుఖంగా కూర్చుండటానికీ మనసొప్పలేదు. 1916లో ఉద్యోగం వదలి, క్వేకర్ల అంబులెన్సు దళంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళినాడు. పదాతిదళం వెంట మోటారు అంబులెన్సు నడుపుతూ క్షతగాత్రులను మోసినాడు. విశ్రాంతి దొరికిన వేళల్లో, చలిగదిలో, ఎండుగడ్డి మోపును బల్లగా చేసుకొని, మానవచరిత్రలో అంతవరకు ఎవ్వరూ చేయని లెక్క చేసినాడు.

ఆయన ఎన్నుకున్న తేదీ 1910 మే 20. ఆనాడు ఐరోపాలో పలుచోట్ల బెలూన్లు ఎగురవేసి పైగాలిని కొలిచినారు. బ్యెర్క్‌నెస్ వాటితో పటాలు తయారుచేసి ఉంచినాడు. రిచర్డ్‌సన్ మధ్య ఐరోపాను గళ్ళుగా విభజించి, గాలిని నిలువున ఐదు పొరలు చేసి, జర్మనీ దక్షిణభాగంలోని ఒక తావున ఆరు గంటల్లో వాయుపీడనం ఎంత మారునో లెక్కవేసినాడు. పట్టికలు గీయడానికి, లెక్క ముగించడానికి రమారమి ఆరు వారాలు పట్టింది. పీడనం 145 మిల్లీబారులు పెరుగునని ఫలితం వచ్చింది. ఆనాటి భారమితులు చూపినదేమనగా, పీడనం దాదాపు కదలనే లేదు.

ఈ పొరపాటు ఎంతటిదో విద్యార్థులు గ్రహించడానికి ఒక పోలిక చెప్పుతాం. సముద్రమట్టాన సాధారణ పీడనం 1013 మిల్లీబారులు. ఇంతవరకు కొలిచిన తుపానులన్నింటిలో అతి తక్కువ పీడనం 1979లో పసిఫిక్ సముద్రంలో వచ్చిన టిప్ తుపానుది. అది 870. ఈ రెండింటికి తేడా 143. ప్రశాంతమైన ఒక మే మాసపు రోజున అంతకన్నా పెద్ద మార్పు వచ్చునని ఈయన లెక్క చెప్పింది!

మరొకరైతే ఆ కాగితాలను పొయ్యిలో పెట్టేవారు. కాగితాలు పోవడమూ జరిగింది. 1917 ఏప్రిలులో షాంపేన్ యుద్ధం నాడు వెనుకకు పంపిన వ్రాతప్రతి కనబడకుండా పోయి, కొన్ని నెలల తరువాత బెల్జియంలో ఒక బొగ్గుకుప్ప కింద దొరికింది. దానిని పూర్తిచేసి 1922లో ప్రచురించినప్పుడు రిచర్డ్‌సన్ ఆ తప్పు ఫలితాన్ని దాచలేదు. పూర్తిగా, మెట్టుమెట్టుకు పట్టికలతో అచ్చువేయించినాడు. తప్పు తన పద్ధతిలో కాక, మొదట తీసుకున్న గాలి కొలతల్లో ఉన్నదని తన అభిప్రాయం చెప్పినాడు. ఈ నిజాయితీ లేకుంటే తరువాతివారికి దారి దొరికేది కాదు. విజయాలనే అచ్చువేయించుకొనే అలవాటు నేటి పరిశోధకుల్లో బలపడుతున్నందున ఈ మాట ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

కొలతల్లో దోషం ఎట్టిదంటారా? ఒక చెరువును తలచుకోండి. వాగు నుండి నీరు వస్తున్నది, తూము గుండా పోతున్నది. రెండూ పెద్దవే, దాదాపు సమానం. మట్టం మారేది ఆ రెండింటి స్వల్ప భేదాన్ని బట్టి. వచ్చే నీటిని నూటికి ఐదు పాళ్ళు ఎక్కువగా కొలిచినా, మట్టం పొంగిపొరలునని లెక్క చెబుతుంది. గాలి కూడ అంతే. ఒక తావు మీదికి వచ్చిపడే గాలి, తొలగిపోయే గాలి అపారం. పీడనం మారేది ఆ రెండింటి చిన్న తేడా వలన. ఆనాటి ఐరోపాలోనే బెలూను కేంద్రాలు వేళ్ళమీద లెక్కించదగినవి. సముద్రాల మీద అవీ లేవు.

ఆ గ్రంథంలోనే ఆయన ఒక ఊహాచిత్రం గీసినాడు. లోపలిగోడల నిండా ప్రపంచపటం చిత్రించిన గోళాకార నాటకశాల. అందులో 64,000 మంది గణకులు, ఎవరి ప్రాంతపు సమీకరణాన్ని వారు సాధిస్తుంటారు. నడుమ ఎత్తైన స్తంభంపై నిలిచిన అధికారి, తొందరపడేవారి మీద ఒక రంగు దీపం, వెనుకబడినవారి మీద మరొక రంగు దీపం వేసి అందరినీ ఒక్క వేగాన నడిపిస్తాడు. శాల వెలుపల ఆటస్థలాలు, ఇండ్లు, కొండలు, సరస్సులు కూడ ఉండాలని కోరినాడు. వాతావరణాన్ని లెక్కించేవారికి మంచి గాలి దక్కవద్దా!

యుద్ధానంతరం ఆయన మరల వాతావరణ శాఖలో చేరినాడు. కాని 1920లో ఆ శాఖ వైమానిక మంత్రిత్వశాఖ కిందికి పోయింది. సైనిక సంబంధమైన కొలువులో ఉండలేనని రిచర్డ్‌సన్ రాజీనామా చేసినాడు. ఆయనకు అత్యంత ప్రియమైన పని అది. ఇల్లు గడవడానికి వెస్ట్‌మిన్‌స్టర్ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ గాలి సుడులపై పరిశోధన సాగించినాడు. పెద్ద సుడి చిన్న సుడికి, అది మరింత చిన్నదానికి తన శక్తిని పంచుతూ పోవుననే భావం, నేటికీ పాఠ్యగ్రంథాల్లో నిలిచిన రిచర్డ్‌సన్ సంఖ్య ఆ కాలపువే. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. అప్పుడే ఆయనకు తెలిసిన విషయం ఒకటున్నది. గాలిలో పొగ ఎట్లు వ్యాపించునో తాను కనుగొన్న సూత్రాలపై విషవాయువులను ప్రయోగించేవారికి ఆసక్తి కలిగింది. ప్రచురించని కాగితాలను ఆయన తన చేతులతోనే నాశనం చేసినాడని ఆయన భార్య చెప్పినారు. ఆపైన వాతావరణ పరిశోధనకు దాదాపు స్వస్తి చెప్పినాడు.

ఇది సరియేనా అని మాలో మేము తర్కించుకున్నాం. జ్ఞానాన్ని చింపివేసినంత మాత్రాన విషవాయువు ఆగలేదు గదా అని ఒక మిత్రుడన్నాడు. నిజమే. కాని జీతం, పదవి, పేరు మూడింటినీ పోగొట్టుకొని ఒక మాట మీద నిలిచినవానిని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు.

తరువాతి జీవితాన్ని క్లుప్తంగా చెప్పుతాం. నలుబది ఏండ్లు దాటిన వయసులో మనస్తత్వశాస్త్రం చదివి 1929లో పట్టం పొందినాడు. అదే సంవత్సరం స్కాట్లండులోని పేస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాలైనాడు. 1940లో పదవి వదలి, యుద్ధాలు ఎందుకు వచ్చునో గణితంతో తేల్చడానికి పూనుకున్నాడు. పొరుగుదేశాల సరిహద్దు పొడవుకు, యుద్ధాలకు సంబంధమున్నదా అని చూడబోగా, ఒకే సరిహద్దుకు ఒక్కొక్క గ్రంథం ఒక్కొక్క పొడవు చెప్పడం గమనించినాడు. కొలబద్ద చిన్నదయ్యే కొద్దీ తీరం పొడవు పెరుగుతూ పోతుందన్న ఆ పరిశీలనను 1967లో మాండెల్‌బ్రాట్ లోకానికి చాటినాడు. వృద్ధాప్యంలో కూడ గాలి, నీరు ఆయనను వదలలేదు. ముల్లంగిని పోలిన పార్స్‌నిప్ దుంపల ముక్కలను సముద్రపాయలో విసిరి, అవి ఎట్లు విడిపోవునో గమనించి, హెన్రీ స్టోమెల్‌తో కలిసి 1948లో వ్యాసం వ్రాసినాడు.

1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరుపై చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ నాయ్‌మన్ మొదటిసారిగా వాతావరణాన్ని లెక్కించినారు. 24 గంటల సూచనకు రమారమి 24 గంటలే పట్టింది. చార్నీ ఆ ఫలితాలను పంపగా రిచర్డ్‌సన్ సంతోషంతో అభినందించినాడు. ఆ యంత్రం తయారైనది ఫిరంగిగుండ్ల గమనాన్ని లెక్కించడానికి! 1953 సెప్టెంబరు 30న కిల్మన్ గ్రామంలో ఆయన నిద్రలోనే కన్నుమూసినాడు.

లెక్కకు యంత్రం దొరికింది. ఇక మిగిలినది కొలత. సముద్రాల మీది గాలిని, మేఘాల లోపలి వేడిని ఎవరు కొలుస్తారు? ఈ సమస్య తీరడానికి కూడ యుద్ధపు పనిముట్లే అక్కరకు వచ్చినవి. శత్రువిమానాలను పసిగట్టే రాడారు కొరకు అభివృద్ధి చేసిన మైక్రోవేవ్ విద్యతో అమెరికాలో రాబర్ట్ డికీ అతి సున్నితమైన రేడియోమీటరును నిర్మించి 1946లో ప్రకటించినాడు. ఉపగ్రహాన్ని పైకెత్తే రాకెట్టు కూడ మొదట బాంబులు మోయడానికి పుట్టినదే.

రేడియోమీటరు తానుగా తరంగాన్ని పంపదు. ఊరక వింటుంది. కొలిమిలో కాలిన ఇనుము ఎర్రగా ప్రకాశించడం మనకు తెలుసు. చల్లగా కనిపించే వస్తువులు కూడ తమ వేడిని బట్టి కంటికి కనరాని తరంగాలను వెలువరిస్తూనే ఉంటవి. గాలిలోని ప్రాణవాయువు 50 నుండి 60 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో, నీటి ఆవిరి 22, 183 గిగాహెర్ట్జ్‌ల చెంత ఇట్లు సన్నగా వెలువరిస్తుంది. ప్రాణవాయువు గాలిలో అంతటా ఒకే పాలుగా ఉండటం చేత దాని ధ్వని బలం వేడిని సూచిస్తుంది. ఇక ఎత్తు మాట. బురదనీటిలో పైపొర మాత్రమే కనబడుతుంది, తేటనీటిలో అడుగు కనబడుతుంది. అట్లే గాలి గట్టిగా పీల్చుకొనే పౌనఃపున్యంలో ఉపగ్రహానికి పైపొర, పీల్పు తక్కువైన చోట కిందిపొర తెలుస్తుంది. కొన్ని పౌనఃపున్యాలను వరుసగా వింటే నిలువున గాలి వేడి ఎట్లున్నదో బయటపడుతుంది. పరారుణ కిరణాలను మేఘం అడ్డగిస్తుంది. మైక్రోవేవ్‌ను, పెద్దవాన కురిసే చోట తప్ప, అంతగా అడ్డగించదు. తుపాను గర్భంలోని వెచ్చదనాన్ని ఆకాశం నుండి చూడగలగడం దీనివలననే.

1968లో సోవియట్ కాస్మోస్-243 మొదటి రేడియోమీటరును మోసింది. 1972 డిసెంబరులో ఎగిరిన నింబస్-5 గాలి వేడిని పొరలుగా కొలిచింది. 1978 చివరినుండి ఇట్టి పరికరాలు ఎడతెగకుండా పనిచేస్తున్నవి. మన దేశపు భాస్కర-1 కూడ 1979లో ఇట్టి రేడియోమీటరును మోసుకొనిపోయింది. 2011 అక్టోబరు 12న మన శ్రీహరికోట నుండి భారత, ఫ్రాన్సు దేశాల ఉమ్మడి ఉపగ్రహం మేఘా ట్రాపిక్స్ ఎగిరింది. భూమధ్యరేఖకు ఇరుపక్కలనే తిరుగుతూ, ఉష్ణమండలపు తేమను 183 గిగాహెర్ట్జ్ వద్ద దినానికి పలుమార్లు కొలిచింది. దానిలోని ఒక పరికరం 2013లోనే మూగబోయింది. తేమను కొలిచే సఫీర్ పరికరం ఆ తరువాతనూ పనిచేసింది. పని ముగిసిన ఆ ఉపగ్రహాన్ని 2023 మార్చి 7న పసిఫిక్ సముద్రం వైపు దించివేసినారు.

కొలతను లెక్కతో కలపడంలోనే అసలు నేర్పున్నది. మొదట కంప్యూటరులోని గణితనమూనా కొన్ని గంటల ముందుకు లెక్క చేస్తుంది. ఆ లెక్క నిజమైతే ఉపగ్రహానికి ఎంత తరంగబలం వినబడవలెనో అదీ లెక్కిస్తుంది. ఉపగ్రహం నిజంగా విన్నదానితో పోల్చి, తేడాను బట్టి ప్రారంభస్థితిని సవరించుకుంటుంది. 1990వ దశకం నుండి తరంగబలాలను నేరుగా ఇట్లు వాడుతున్నారు. దక్షిణార్ధగోళంలో సముద్రం ఎక్కువ, బెలూన్లు తక్కువ. అక్కడి సూచనలు ఒకప్పుడు ఉత్తరార్ధగోళపు సూచనలకన్నా చాలా వెనుకబడి ఉండేవి. నేడు అవి దాదాపు సరితూగుతున్నవంటే అది ప్రధానంగా ఉపగ్రహాల చలవే.

శీతోష్ణస్థితిని దీర్ఘకాలం లెక్కించే నమూనాలకు కూడ ఈ కొలతలే ఒరిపిడిరాయి. ఐతే రాయికి కూడ పరీక్ష తప్పలేదు. 1990లో స్పెన్సర్, క్రిస్టీ ఈ కొలతలతో భూగోళపు గాలి వేడి చరిత్రను కూర్చినారు. నమూనాలు చెప్పినంతగా కిందిగాలి వేడెక్కలేదని అందులో కనబడి పెద్ద వివాదం రేగింది. ఉపగ్రహాలు ఏటేటా కొంచెం కిందికి దిగుతున్నందున, లేని చల్లదనం లెక్కలో చేరుతున్నదని 1998లో వెంట్జ్, షాబెల్ చూపినారు. కక్ష్యలోని ఆ కొద్ది తేడా ఎంత పని చేసిందో చూడండి. బవేరియా మీది గాలికొలతలు రిచర్డ్‌సన్‌ను మోసగించినదీ ఇట్లే.

ఇంకొక చిక్కు ఈ మధ్య వచ్చింది. నీటి ఆవిరిని వినే 23.8 గిగాహెర్ట్జ్ పక్కనే, 24 దాటిన చోట, కొత్త తరం మొబైల్ ఫోన్లకు తావు కేటాయించినారు. 2019లో షర్మ్ అల్ షేక్ నగరంలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం ఆ ఫోన్ల రొదకు పరిమితి విధించింది. అది చాలదని ప్రపంచ వాతావరణ సంస్థవారు ఆందోళన వెలిబుచ్చినారు. పక్కింటి బాకాల మోతలో గొణుగుడు వినవలసినవారి అవస్థ అది.

ఇక ఆ 145 మిల్లీబారుల మాట ఒకటి మిగిలి ఉన్నది. ఐర్లండు వాతావరణ శాస్త్రజ్ఞుడు పీటర్ లించ్ 1910 మే 20 నాటి అవే అంకెలను తీసుకొని, రిచర్డ్‌సన్ పద్ధతిలోనే కంప్యూటరుపై తిరిగి లెక్కచేసినాడు. మొదట అదే 145 వచ్చింది. అంటే చలిగదిలో, గడ్డిమోపు మీద చేసిన గుణకారాలు సరియైనవే. తరువాత ప్రారంభపు కొలతల్లోని పొందిక లేని అలజడిని మాత్రం వడగట్టి, పద్ధతిని మార్చకుండా మరల లెక్కించినాడు. ఆరు గంటల్లో పీడనంలో వచ్చిన మార్పు ఒక మిల్లీబారు కన్నా తక్కువ.